టూల్‌ను ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి: /యూఎస్ఆర్, /యూఎస్ఆర్/లోకల్, /ఆప్ట్, లేక మీ హోమ్ ఫోల్డరా?

బెంగళూరులో ఐటీ పనిమీద ఉన్న మనవాళ్లలో చాలామంది రోజూ మూడు రకాల మెషిన్లతో వేగుతుంటారు. ఒకటి ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్, దాంట్లో సుడో (అడ్మిన్ హక్కుతో ఆదేశం నడిపే వీలు) ఇవ్వరు. రెండోది మారతహళ్లి పీజీ రూములో ఉండే సొంత ల్యాప్‌టాప్, ఎస్పీ రోడ్డులో సెకండ్‌హ్యాండ్‌లో కొని ఉబుంటు ఎక్కించింది. మూడోది టీమంతా లాగిన్ అయ్యే సర్వర్. ఒకే టూల్‌ను ఈ మూడింట్లోనూ ఒకే పద్ధతిలో ఇన్‌స్టాల్ చేస్తే కనీసం ఒకచోటైనా అది మెడకు చుట్టుకుంటుంది.

ఆదేశాలనూ ఫోల్డర్ల పేర్లనూ ఇక్కడ పలికినట్టే తెలుగులో రాశాం. టెర్మినల్‌లో టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులోనే.

ఇన్‌స్టాల్ చేసేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆరు నెలల తర్వాత దీన్ని అప్‌డేట్ చేసేదెవరు, తీసేసేదెవరు? యునిక్స్ లాంటి సిస్టంలో ప్రతి ఫోల్డర్‌కూ ఒక యజమాని ఉంటాడు. /యూఎస్ఆర్/బిన్, /యూఎస్ఆర్/లిబ్ ప్యాకేజీ మేనేజర్‌వి (సాఫ్ట్‌వేర్‌ను తెచ్చిపెట్టి అప్‌డేట్ చేసే ప్రోగ్రాం, ఏపీటీ లాంటిది). /యూఎస్ఆర్/లోకల్ ఆ మెషిన్ అడ్మిన్‌ది. హోమ్ ఫోల్డర్ మీది. అద్దె ఇంట్లో గోడకు మేకు కొట్టాలంటే ఓనర్‌ను అడుగుతాం కదా, అడక్కుండా కొడితే ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడుతుంది. /యూఎస్ఆర్/బిన్‌లోకి చేత్తో ఫైలు కాపీ చేయడం అలాంటిదే. తర్వాతి అప్‌డేట్‌లో అదే పేరున్న ఫైలు వస్తే ప్యాకేజీ మేనేజర్ మీదాన్ని అడక్కుండానే చెరిపేసి తనది పెట్టుకుంటుంది. తప్పు దానిది కాదు, ఆ చోటు దానిది.

ముందు ప్యాకేజీ మేనేజర్‌ను అడగండి

డెబియన్, ఉబుంటుల్లో "ఏపీటీ పాలసీ" అని కొట్టి టూల్ పేరు ఇవ్వండి. ఏ వెర్షన్ దొరుకుతుందో, ఏ రిపాజిటరీ (ప్యాకేజీల గిడ్డంగి) నుంచి వస్తుందో రెండూ కనిపిస్తాయి. రెండోది చాలామంది చూడరు, కానీ అసలు చూడాల్సింది అదే. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలం మద్దతుండే వెర్షన్)లో "మెయిన్" అని ఉన్న ప్యాకేజీలకు 5 ఏళ్లపాటు సెక్యూరిటీ ప్యాచ్‌లు మామూలుగానే అందుతాయి. "యూనివర్స్" అని ఉంటే దాన్ని చూసుకునేది కమ్యూనిటీ, మెయిన్‌కు ఉన్న హామీ దానికి లేదు.

"వెర్షన్ పాతది" అన్నదే ప్యాకేజీ మేనేజర్‌ను పక్కన పెట్టడానికి ఎక్కువమంది చెప్పే కారణం. వెర్షన్ నంబరు పాతగా ఉన్నంత మాత్రాన లోపాలు సరిచేయలేదని కాదు. డిస్ట్రోవాళ్లు (డెబియన్, ఉబుంటు లాంటివి తయారుచేసేవాళ్లు) కొత్త వెర్షన్‌లోని సెక్యూరిటీ మరమ్మతును పాత వెర్షన్‌లోకే తెచ్చి అతికిస్తారు. "ఏపీటీ చేంజ్‌లాగ్"లో సీవీఈ నంబరు (ఒక్కో సెక్యూరిటీ లోపానికి ఇచ్చే గుర్తింపు) వెతికితే ఆ మరమ్మతు పడిందో లేదో తేలిపోతుంది. మీకు కావాల్సిన ఫీచర్ నిజంగానే పాతదాంట్లో లేకపోతే, అప్పుడు కిందికి దిగుదాం.

సర్వర్ విషయంలో అన్నిటికన్నా కొత్తదే మంచిదన్న నమ్మకం వదులుకోవాలి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపడింది. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దాన్ని పట్టుకున్నాడు. డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి ముందువరుస వెర్షన్లలోకి అది అప్పటికే చేరింది. డెబియన్ స్టేబుల్ దాకా రాలేదు. ఆ రోజు స్టేబుల్ వాడేవాళ్లను కాపాడింది వాళ్ల వెర్షన్ పాతది కావడమే.

బయటి కంపెనీల రిపాజిటరీ జోడించడం మధ్యేమార్గంలా కనిపిస్తుంది. కానీ ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు దాంతో వచ్చే స్క్రిప్టు రూట్‌గా (అన్ని హక్కులూ ఉన్న యూజర్‌గా) నడుస్తుంది, అంటే మెషిన్ తాళాలన్నీ వాళ్ల చేతిలో పెట్టినట్టే. నమ్మకం ఉన్నవాళ్లవే జోడించండి. రిపాజిటరీ సంతకాన్ని సరిచూసే కీని జోడించే పాత "ఏపీటీ-కీ యాడ్" పద్ధతి వద్దు: అలా జోడించిన కీతో సంతకం చేసిన ఏ రిపాజిటరీనైనా ఏపీటీ నమ్మేస్తుంది. కీ ఫైలును /ఈటీసీ/ఏపీటీ/కీరింగ్స్‌లో పెట్టి, సోర్స్ లైనులో "సైన్డ్-బై" రాస్తే ఆ కీ ఆ ఒక్క రిపాజిటరీకే చెల్లుతుంది.

మీ ఒక్కరికే అయితే: ~/.లోకల్

సుడో లేని చోట దిక్కు ఇదే. సుడో ఉన్నా, టూల్ మీ ఒక్కరికే కావాలంటే ముందుగా ఇక్కడే పెట్టమని మా సలహా. పొరపాటు జరిగితే చెడేది మీ హోమ్ మాత్రమే, సిస్టం కాదు. బెంగళూరు ఐఐఎస్సీలోని 3.3 పెటాఫ్లాప్స్ పరమ్ ప్రవేగ లాంటి ఉమ్మడి సూపర్‌కంప్యూటర్లలో మామూలు యూజర్‌కు రూట్ అన్న మాటే ఉండదు. అలాంటి క్లస్టర్లలో ముందు "మాడ్యూల్ అవైల్" కొట్టి, మీకు కావాల్సింది అడ్మిన్లు ఇప్పటికే పెట్టారేమో చూసుకుని, లేకపోతేనే హోమ్‌లో బిల్డ్ చేయండి.

ఒకే బైనరీగా (నేరుగా నడిచే ఫైలుగా) వచ్చే టూల్ అయితే డౌన్‌లోడ్ చేసి, "ఎస్‌హెచ్‌ఏ256సమ్ -సి"తో చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) సరిపోల్చి, ~/.లోకల్/బిన్‌లో పెట్టి, "సీహెచ్‌మాడ్ 755" ఇస్తే చాలు. బైనరీ, చెక్‌సమ్ ఒకే పేజీలో ఉంటే ఆ సరిపోల్చడం డౌన్‌లోడ్ మధ్యలో పాడైందా అన్నది మాత్రమే చెబుతుంది. ఆ పేజీనే ఎవరైనా మార్చేస్తే చెక్‌సమ్‌నూ మార్చేస్తారు. జీపీజీ సంతకం (తయారీదారు కీతో చేసిన డిజిటల్ సంతకం) ఇచ్చి ఉంటే దాన్ని చూడండి.

సోర్స్ నుంచి అయితే "./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్", తర్వాత "మేక్ -జె4", చివర "మేక్ ఇన్‌స్టాల్". ఎక్కడా సుడో అక్కర్లేదు. ప్రిఫిక్స్ (టూల్ చేరే చోటు) ముందే తేల్చుకోండి. ఆ దారి బైనరీ లోపల అచ్చయిపోతుంది కాబట్టి తర్వాత ఫోల్డర్‌ను వేరేచోటికి జరిపితే చాలా టూల్స్ తమ ఫైళ్లను తామే వెతుక్కోలేవు.

ఇక్కడ ప్రమాదకరమైన గుంట ఒకటి ఉంది. $హోమ్ బదులు "--ప్రిఫిక్స్=~/.లోకల్" అని కొడితే బాష్ (మీ ఆదేశాలను చదివే షెల్) ఆ టిల్డేను (~ గుర్తు, హోమ్‌కు పొట్టిపేరు) విప్పదు, సమానం గుర్తు తర్వాత ఉందని అలాగే వదిలేస్తుంది. కాన్ఫిగర్ స్క్రిప్టు మంచిదైతే పూర్తి దారి ఇవ్వమని ఎర్రర్ చూపి ఆగుతుంది. కొన్ని బిల్డ్ స్క్రిప్టులు మాత్రం ఉన్న ఫోల్డర్‌లోనే "~" అనే పేరుతో నిజంగా ఒక ఫోల్డర్ సృష్టిస్తాయి. దాన్ని చూసి చిరాకుపడి "ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ ~" కొట్టారంటే ఈసారి బాష్ టిల్డేను విప్పుతుంది, మీ హోమ్ మొత్తం పోతుంది. ఆ ఫోల్డర్ తీసేయాలంటే ముందు చుక్కా స్లాషూ పెట్టి "ఆర్‌ఎమ్ -ఆర్‌ఎఫ్ ./~" అని కొట్టాలి. అప్పుడైనా ఎంటర్ నొక్కేముందు ఒకసారి చదువుకోండి.

టూల్ పెట్టాక "కమాండ్ నాట్ ఫౌండ్" వస్తే కంగారుపడక్కర్లేదు. డెబియన్, ఉబుంటుల్లో .ప్రొఫైల్ ఫైలు ~/.లోకల్/బిన్‌ను పాత్‌లో (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేర్చేది, లాగిన్ సమయానికి ఆ ఫోల్డర్ ఉంటేనే. ఇప్పుడే సృష్టించారు కాబట్టి ఒకసారి లాగవుట్ అయి రండి. పాత వెర్షనే నడుస్తుంటే "హాష్ -ఆర్" కొట్టండి, బాష్ పాత దారి గుర్తుపెట్టుకుని ఉంటుంది. ఏది ఎక్కడినుంచి నడుస్తోందో చెప్పేది "టైప్ -ఏ". "విచ్" కన్నా ఇదే నయం, ఎందుకంటే అలియాస్‌లూ చూపిస్తుంది, ఒకే పేరుతో ఎన్ని ఉన్నాయో అన్నీ చూపిస్తుంది.

క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేది) నడవకపోతే కారణం వేరు. డెబియన్ క్రాన్ మామూలు పాత్‌లో /యూఎస్ఆర్/బిన్, /బిన్ తప్ప ఇంకేమీ ఉండవు. పూర్తి దారి రాయండి. సీహెచ్‌మాడ్ ఇచ్చినా "పర్మిషన్ డినైడ్" అంటుంటే "ఫైండ్‌ఎంఎన్‌టీ -టి ~/.లోకల్/బిన్" (టి పెద్ద అక్షరంతో) కొట్టి చూడండి. కొన్ని ఆఫీసుల్లో హోమ్ పార్టిషన్‌ను "నోఎగ్జెక్" ఆప్షన్‌తో మౌంట్ చేస్తారు, అక్కడ బైనరీలు నడవవు. అది అడ్మిన్ కావాలని పెట్టిన నిబంధన. దొడ్డిదారి వెతక్కుండా టికెట్ వేయండి.

సుడోతో పిలిస్తే హోమ్‌లోని టూల్ దొరకదు, దొరక్కూడదు కూడా. సుడో తన "సెక్యూర్ పాత్"నే చూస్తుంది. హోమ్‌లోని ఫైలును మీ పేరుమీద నడిచే ఏ ప్రోగ్రామైనా మార్చగలదు, కోడ్ ఎడిటర్ ఎక్స్‌టెన్షన్ నుంచి పొరపాటున దించిన ప్యాకేజీ దాకా. అలాంటి ఫైలును పూర్తి దారి ఇచ్చి మరీ రూట్‌గా నడిపితే ఆ కాపలా మీరే తీసేసినట్టు. ఇంకో మాటా గుర్తుంచుకోవాలి: హోమ్‌లో పెట్టడం సిస్టంకు క్షేమం, మీ ఎస్ఎస్‌హెచ్ కీలకు కాదు. అవీ హోమ్‌లోనే ఉన్నాయి, వాటిని చదవడానికి రూట్ అక్కర్లేదు.

పైథాన్, నోడ్: ఎక్కువ మెషిన్లు పాడయ్యేది ఇక్కడే

పైథాన్ లైబ్రరీలను తెచ్చిపెట్టేది పిప్. "సుడో పిప్ ఇన్‌స్టాల్" ఎందుకు కూడదో దగ్గరగా చూద్దాం. డెబియన్, ఉబుంటుల్లో పైథాన్ మాడ్యూల్స్ కోసం వెతికే వరుస ఇది: ముందు మీ ~/.లోకల్/లిబ్, తర్వాత /యూఎస్ఆర్/లోకల్/లిబ్, ఆ తర్వాతే ఏపీటీ పెట్టిన /యూఎస్ఆర్/లిబ్/పైథాన్3. సుడో పిప్ పెట్టేది రెండోచోట. మీరు కోరింది ఏదో క్లౌడ్ టూల్, అది తనతోపాటు కొత్త "క్రిప్టోగ్రఫీ" లైబ్రరీని లాక్కొస్తుంది. ఏపీటీ పెట్టిన పాత "పైఓపెన్‌ఎస్ఎస్ఎల్" ఇప్పటిదాకా పాత క్రిప్టోగ్రఫీతో కాపురం చేస్తోంది. ఇకనుంచి దానికి ఎదురయ్యేది కొత్తది. "మాడ్యూల్ లిబ్ హ్యాజ్ నో ఆట్రిబ్యూట్" అంటూ మొదలై "ఎక్స్509"తో సాగే ఎర్రర్ ఇలాగే పుడుతుంది. సర్టిఫికెట్లు రెన్యూ చేసే ప్రోగ్రాం ఆగిపోతుంది, ఒక్కోసారి పిప్ కూడా లేవదు. పడిపోయిన ప్రోగ్రాంకూ మీరు పెట్టిన టూల్‌కూ పైకి ఏ సంబంధమూ కనిపించదు. అందుకే కారణం దొరకడానికి రోజులు పడుతుంది.

2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి పిప్ "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తోంది. ఉబుంటు 24.04 కూడా అంతే. ఆ ఎర్రర్ చూడగానే "--బ్రేక్-సిస్టం-ప్యాకేజెస్" తగిలించకండి, జరగబోయేది ఏమిటో ఆ పేరే చెబుతోంది. "పిప్ --యూజర్" కొంత నయమనిపిస్తుంది గానీ, పై వరుసలో మొదటి చోటు దానిదే: మీ లాగిన్‌తో నడిచే సిస్టం టూల్స్ కూడా మీ లైబ్రరీలనే ఎత్తుకుంటాయి.

కమాండ్‌గా వాడే పైథాన్ టూల్‌కు పిప్‌ఎక్స్ సరైనది. ఒక్కో టూల్‌కు ఒక్కో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని లైబ్రరీలు విడిగా ఉండే ఫోల్డర్) కట్టి, కమాండ్‌ను మాత్రం ~/.లోకల్/బిన్‌లో పెడుతుంది. "పిప్‌ఎక్స్ అన్‌ఇన్‌స్టాల్" కొడితే దాని లైబ్రరీలతో సహా పోతుంది. ప్రాజెక్టు లైబ్రరీలకు ఆ ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే వెన్వ్ (వర్చువల్ ఎన్విరాన్‌మెంట్).

నోడ్‌లో "ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ -జి" కొడితే వచ్చే "ఈ-యాక్సెస్" ఎర్రర్‌కు సుడో మందు కాదు. "ఎన్‌పీఎమ్ కాన్ఫిగ్ సెట్ ప్రిఫిక్స్ ~/.లోకల్" ఒక్కసారి ఇస్తే చాలు. నోడ్ వెర్షన్లు మార్చుకుంటూ పనిచేసేవాళ్లు ఎన్‌వీఎమ్ వాడండి. దాంతో ఈ ప్రిఫిక్స్ సెట్టింగు పొసగదు, రెంటిలో ఒకటే ఎంచుకోండి.

అందరికీ కావాలంటే: /యూఎస్ఆర్/లోకల్ ఒకవైపు, /ఆప్ట్ ఒకవైపు

ఫోల్డర్ల అమరికకు ఫైల్‌సిస్టం హైరార్కీ స్టాండర్డ్ అనే ప్రమాణం ఉంది, 3.0 వెర్షన్ 2015లో వచ్చింది. దాని ప్రకారం /యూఎస్ఆర్/లోకల్ అడ్మిన్ స్థానికంగా పెట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు, సిస్టం అప్‌డేట్లు దాని జోలికి రాకూడదు. /ఆప్ట్ ఒక్కో సాఫ్ట్‌వేర్ తన ఫోల్డర్‌లో తాను విడిగా ఉండే చోటు. వాడుకలో తేడా ఇదీ: /యూఎస్ఆర్/లోకల్‌లో అన్ని టూల్స్ ఫైళ్లూ బిన్, లిబ్, షేర్ ఫోల్డర్లలో కలగలిసిపోతాయి. /ఆప్ట్‌లో కలవవు, ఫోల్డర్ తీసేస్తే టూల్ పోయినట్టే.

అందుకే మా ఓటు /ఆప్ట్‌కు. ఫోల్డర్ పేరులో వెర్షన్ పెట్టండి, /ఆప్ట్/టూల్-2.1 అన్నట్టు. "ఎల్‌ఎన్ -ఎస్ఎఫ్ఎన్"తో /ఆప్ట్/టూల్ అనే లింకును దానికి చూపించండి, /యూఎస్ఆర్/లోకల్/బిన్ నుంచి ఆ లింకులోని కమాండ్‌కు ఇంకో లింకు. కొత్త వెర్షన్ సరిగా నడవకపోతే మొదటి లింకును వెనక్కి తిప్పితే చాలు, పాతది మళ్లీ లేస్తుంది. సోర్స్ నుంచి కట్టేవి ఎక్కువైతే జీఎన్‌యూ స్టో ఈ లింకుల పనంతా చేసిపెడుతుంది: ఫైళ్లు /యూఎస్ఆర్/లోకల్/స్టో/టూల్-2.1లో విడిగా ఉంటాయి, "స్టో" లింకులు వేస్తుంది, "స్టో -డి" (పెద్ద అక్షరంతో) వాటిని తీసేస్తుంది.

/ఆప్ట్‌లో టార్‌బాల్ (ఫైళ్లను ఒకే కట్టగా చేసిన ఆర్కైవ్) విప్పేటప్పుడు చాలామందికి తెలియని ఒక కంత ఉంది. మామూలు యూజర్‌గా టార్ విప్పితే ఫైళ్లకు మీరే యజమాని. రూట్‌గా విప్పితే అలా కాదు, ఆర్కైవ్‌లో రాసి ఉన్న యజమానినీ పర్మిషన్లనూ టార్ ఉన్నదున్నట్టు దించుతుంది. టూల్‌ను ప్యాక్ చేసిన మెషిన్‌లో ఆ యూజర్ నంబరు 1001 అనుకుందాం. మీ సర్వర్‌లో "సుడో టార్ -ఎక్స్ఎఫ్" కొట్టి "ఎల్ఎస్ -ఎల్" చూస్తే యజమాని కాలమ్‌లో పేరు బదులు 1001 అని అంకె కనిపిస్తుంది. మీ దగ్గర ఆ నంబరు యూజర్ ఇంకా లేడు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఉబుంటులో మొదటి యూజర్ 1000, తర్వాత చేరేవాడు 1001. వచ్చే నెల టీములోకి ఒక ఫ్రెషర్ వచ్చి అకౌంట్ తీసుకున్నాడంటే, అతనికే తెలియకుండా /ఆప్ట్‌లోని ఆ టూల్ మొత్తానికి యజమాని అయిపోతాడు. ఆ టూల్‌ను రూట్ క్రాన్ నడుపుతుంటే అతని అకౌంట్ చేజిక్కించుకున్న ఎవరికైనా రూట్ చిక్కినట్టే.

విప్పేటప్పుడే "--నో-సేమ్-ఓనర్ --నో-సేమ్-పర్మిషన్స్" ఇవ్వండి. ఇప్పటికే విప్పేసి ఉంటే "ఫైండ్ /ఆప్ట్ -నోయూజర్" కొడితే అనాథ ఫైళ్లు బయటపడతాయి. అకౌంట్ అప్పటికే చేరిపోయి ఉండొచ్చు కాబట్టి "ఫైండ్ /ఆప్ట్ ! -యూజర్ రూట్" కూడా కొట్టండి. "సీహెచ్ఓన్ -ఆర్ రూట్:రూట్"తో యజమానిని మార్చి, "సీహెచ్‌మాడ్ -ఆర్ గో-డబ్ల్యూ"తో ఇతరులకున్న రాసే హక్కు తీసేయండి (రెంటిలోనూ -ఆర్ పెద్ద అక్షరంతో). డేటాను అదే ఫోల్డర్‌లో రాసుకునే సర్వీసులుంటే వాటి డేటా ఫోల్డర్‌ను మాత్రం ఆ సర్వీస్ యూజర్‌కే వదిలేయండి.

దీనికి సరిగ్గా తలకిందులైన ఇబ్బందీ ఉంది. మీ యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే సెట్టింగు) 077 అయితే "సుడో మేక్ ఇన్‌స్టాల్" తర్వాత రూట్ తప్ప ఎవరూ ఆ ఫైళ్లు తెరవలేకపోవచ్చు. ఇన్‌స్టాల్‌కు ముందు రూట్ షెల్‌లో యూమాస్క్ 022 పెట్టుకోండి. "కాన్ఫిగర్", "మేక్" రెండూ మామూలు యూజర్‌గానే చేసి, ఆఖరి మెట్టుకే సుడో వాడండి.

"ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అని వస్తే డెబియన్ కుటుంబంలో "సుడో ఎల్‌డీకాన్ఫిగ్" ఒక్కసారి నడిపితే సరి. రెడ్‌హ్యాట్ కుటుంబంలో /యూఎస్ఆర్/లోకల్/లిబ్ మామూలుగా జాబితాలో ఉండదు, /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డి లో ఒక ఫైలు పెట్టి అప్పుడు నడపాలి. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌ను .బాష్‌ఆర్‌సీలో శాశ్వతంగా పెట్టడం మంచిది కాదు, ఒక్క టూల్ కోసం పెట్టింది మీ షెల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రాం మీదా పడుతుంది.

స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, కంటైనర్, బ్రూ

ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ రెండూ ఏ డిస్ట్రో అయినా యాప్‌లను తెచ్చిపెట్టేవి. డెస్క్‌టాప్ యాప్‌లకు ఫ్లాట్‌ప్యాక్ బాగుంటుంది, "--యూజర్" ఇస్తే సుడో లేకుండా హోమ్‌లోకే వస్తుంది. స్నాప్ తనంతట తానే అప్‌డేట్ అవుతుంది. వెర్షన్ మారితే ఇబ్బందిపడే సర్వర్‌లో "స్నాప్ రిఫ్రెష్ --హోల్డ్" గుర్తుంచుకోండి. డాకర్ కంటైనర్‌లో పెడితే అసలు మెషిన్ శుభ్రంగా ఉంటుంది నిజమే, కానీ డాకర్ గ్రూపులో చేర్చడమంటే ఆ మనిషికి రూట్ ఇవ్వడమే.

మ్యాక్‌లో ఆపిల్ చిప్ ఉంటే హోంబ్రూ (బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్) /ఆప్ట్/హోంబ్రూలోకి, ఇంటెల్ చిప్ ఉంటే /యూఎస్ఆర్/లోకల్‌లోకి వెళ్తుంది. పాత మ్యాక్ నుంచి కొత్తదానికి డేటా మార్చుకున్నాక రెండూ పక్కపక్కనే మిగిలితే ఇంటెల్ బైనరీలు రోసెట్టా (వాటిని ఆపిల్ చిప్‌కు అనువదించేది) మీద నడుస్తుంటాయి, "టైప్ -ఏ" చూసి పాతవి తీసేయండి. ఫ్రీబీఎస్‌డీలో లెక్క పూర్తిగా వేరు: అక్కడ /యూఎస్ఆర్/లోకల్ పీకేజీ అనే ప్యాకేజీ మేనేజర్‌దే. లైనక్స్ అలవాటుతో అందులో చేత్తో పెడితే పీకేజీ పెట్టిన ఫైళ్లతో తగువు మొదలవుతుంది.

మరి ఆ మూడు మెషిన్లకు?

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో: ~/.లోకల్, పిప్‌ఎక్స్, అంతే. కంపెనీ ఒప్పుకోని సాఫ్ట్‌వేర్ హోమ్‌లో పెట్టినా ఒప్పుకోనిదే, ఆ జాబితా ముందు చూడండి. పీజీలోని సొంత ల్యాప్‌టాప్‌లో ఏపీటీ, అది లేకపోతే ~/.లోకల్. ఒక్కరే వాడే మెషిన్‌లో /యూఎస్ఆర్/లోకల్ అవసరం అరుదుగా వస్తుంది. టీం సర్వర్‌లో ముందు ఏపీటీ, లేనివి వెర్షన్ పేరుతో /ఆప్ట్‌లో. ఎవరు ఏ తేదీన ఎక్కడినుంచి తెచ్చి పెట్టారో /ఆప్ట్/రీడ్‌మీలో ఒక్కో లైను. "కర్ల్" (నెట్ నుంచి దించే కమాండ్) నుంచి నేరుగా "సుడో బాష్"లోకి పంపే లైను ఎంత పేరున్న సైట్ ఇచ్చినా సర్వర్‌లో వద్దు. స్క్రిప్టును దించుకుని చదవండి, ఫైళ్లు ఎక్కడ పెడుతోందో అందులో రాసే ఉంటుంది.

ఇప్పటికే కలగలిసిపోయి ఉంటే

ఉబుంటు 22.04లో సుడో పిప్‌ను ఎవరూ ఆపేవారు కాదు. అక్కడినుంచి 24.04కు అప్‌గ్రేడ్ చేసినప్పుడు పైథాన్ 3.10 పోయి 3.12 వస్తుంది. పాత లైబ్రరీలు /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.10లో అలాగే మిగులుతాయి, వాటి కమాండ్లు /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో. పాత్‌లో /యూఎస్ఆర్/బిన్ కన్నా ముందుండేది /యూఎస్ఆర్/లోకల్/బినే కాబట్టి, మీరు కొట్టిన కమాండ్ పాత స్క్రిప్టుకే తగిలి "మాడ్యూల్ నాట్ ఫౌండ్" అంటుంది.

"ఎల్ఎస్ -ఎల్‌టీ /యూఎస్ఆర్/లోకల్/బిన్" కొట్టి ఒక్కో ఫైలు మొదటి లైను "హెడ్ -1"తో చూడండి. పైథాన్‌ను చూపేవన్నీ పిప్ పెట్టినవి కావచ్చు. ఇప్పటి వెర్షన్‌వి ఏమున్నాయో "పిప్ లిస్ట్ --పాత్ /యూఎస్ఆర్/లోకల్/లిబ్/పైథాన్3.12/డిస్ట్-ప్యాకేజెస్" చెబుతుంది. నేరుగా చెరిపేయకుండా, ఆ పాత స్క్రిప్టులనూ 3.10 ఫోల్డర్‌నూ /రూట్/పాతవి అనే ఫోల్డర్‌లోకి జరిపి, "హాష్ -ఆర్" కొట్టి, రాత్రి నడిచే క్రాన్ పనులన్నీ ఒక వారం సజావుగా సాగనివ్వండి. ఆ తర్వాత ఆ ఫోల్డర్‌ను చెరిపేయవచ్చు.